కుర్చీకి చేతులు ఎందుకు, ఎలా ఉండాలి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఫర్నిచర్ షాపుకు వెళ్లిన కుటుంబం సోఫా సెట్టును ఎలా పరీక్షిస్తుందో గమనించండి. సీటు మెత్తగా ఉందా లేదా అని అరచేత్తో నొక్కి చూస్తారు. వీపు ఆనించి చూస్తారు. క్లాత్ రంగు, గ్యారంటీ, రేటు అడుగుతారు. చేతుల సంగతి ఎవరూ అడగరు. మందంగా, గుండ్రంగా ఉంటే రిచ్‌గా ఉందనుకుంటారు, అంతటితో సరి. ఇంటికి చేరాక ఆ సోఫాలో ఎక్కువసేపు గడిపేది మాత్రం ఇంట్లోని పెద్దవాళ్లు. రోజుకు ఎన్నోసార్లు వాళ్లు ఆ చేతుల మీదే బరువు మోపి లేవాలి. పెండ్లి సామానులో భాగంగా కొన్న సోఫా అయితే ఇరవై ఏళ్ల వయసులో ఎంచుకున్నది, అరవై ఏళ్ల మోకాళ్లకు కూడా అదే దిక్కు అవుతుంది.

కుర్చీ చేతికి మూడు పనులున్నాయి. కూర్చున్న మనిషి చేతుల బరువు మోయడం ఒకటి. రాయడం, కంప్యూటర్ కొట్టడం లాంటి పనికి మోచేతులకు ఊతం ఇవ్వడం రెండోది. లేచేటప్పుడు పట్టు ఇవ్వడం మూడోది. ఒక పనికి సరిపోయే కొలత ఇంకో పనికి అడ్డం వస్తుంది కాబట్టి అన్నిటికీ పనికొచ్చే చేయి అంటూ ఉండదు. ఏ పని ముఖ్యమో ముందు తేల్చుకోవాలి. షాపుల్లో దొరికే సరుకు మొదటి పనిని, అందులోనూ దాని అందాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకుని తయారవుతోంది. దక్షిణ తెలంగాణ ఇళ్లలో ఉన్న మోకాళ్లను, నడుములను చూస్తే మూడో పనికే మొదటి స్థానం ఇవ్వాలి.

ముందు బరువు లెక్క చూద్దాం. మనిషి శరీర బరువులో ఒక్కో చేయి దాదాపు 5 శాతం ఉంటుంది. 60 కిలోల మనిషికి రెండు చేతులూ కలిపి 6 కిలోలు. చేతులు ఒళ్లో పెట్టుకున్నా, గాలిలో ఉంచి పని చేసినా ఆ 6 కిలోలు ఎక్కడో ఒకచోట వేలాడాలి. భుజాల నుంచి మెడ దాకా పాకిన కండరాలు దాన్ని మోస్తాయి. వాటి ద్వారా కొంత భారం వెన్నెముక మీద పడుతుంది. 1970లలో స్వీడన్‌లో ఆండర్సన్, నాకెమ్సన్ అనే వైద్య పరిశోధకులు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది లాంటి పరికరం పంపి, రకరకాలుగా కూర్చున్నప్పుడు అందులో ఒత్తిడి ఎంతుందో కొలిచారు. వీపు వెనక్కి వాల్చినప్పుడు, చేతులను కుర్చీ చేతుల మీద ఆనించినప్పుడు ఒత్తిడి తగ్గినట్టు తేలింది. నడుం నొప్పి ఉన్నవాళ్లకు చేతులున్న కుర్చీలో హాయిగా అనిపించడానికి కారణం ఇదే.

ఊతం లేని చేయి ఎంత కష్టపడుతుందో ఉమ్మడి నల్లగొండ జిల్లా చేనేత ఇళ్లకు చెప్పనక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్ చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ దారాన్ని పైకీ కిందికీ చుట్టే పని అది. ఒక చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చేయి ఆడించాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే పద్దెనిమిది వేలు. తరతరాలుగా ఆడవాళ్లే చేస్తూ వచ్చిన పని ఇది. చేతిలో ఉన్నది నూలు పోగే, బరువంటూ ఏమీ లేదు. కానీ చాచిన చేయి తన బరువును తానే గంటల తరబడి మోయాలి. భుజాలు పట్టేస్తాయి, రెక్కలు పడిపోతాయి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి పడుతున్న ఈ బాధ చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. ఆ పనికి ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసేవాళ్లకు చేతుల కుర్చీ వేసినా ప్రయోజనం ఉండేది కాదు. చేయి నిలకడగా ఉండే పనికే కుర్చీ చేయి ఆసరా అవుతుంది. చేయి అటూ ఇటూ బారుగా తిరగాల్సిన పనికి అది అడ్డం. గుంట మగ్గం మీద కూర్చునే గద్వాల, నారాయణపేట నేతగాళ్ల పక్కన చేతులు బిగిస్తే మోచేయి కదలడానికి చోటుండదు. అక్కడ వీపుకు ఆసరా, కూర్చునే చోట మెత్తటి పరుపు కావాలి గానీ చేతులు కాదు.

ఎత్తు, వెడల్పు

ఎత్తు తేల్చడానికి ఇంజనీరు అక్కర్లేదు. భుజాలు వదులుగా వదిలేసి నిటారుగా కూర్చుని మోచేతిని సమకోణంలో మడవాలి. సీటు నుంచి మోచేతి అడుగు దాకా ఉన్న ఎత్తే ఆ మనిషికి సరిపోయే కుర్చీ చేతి ఎత్తు. పెద్దవాళ్లలో చాలామందికి ఇది 18 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. సుమారుగా చెప్పాలంటే ఎవరి జానెడు వాళ్లకు సరిపోతుంది. దీనికి పొడవు మనిషా, పొట్టి మనిషా అన్నది అంతగా లెక్కలోకి రాదు. నిలబడితే చాలా పొడుగ్గా కనిపించే కొందరికి కాళ్లు పొడవు, మొండెం పొట్టి. వాళ్లకు చేయి తక్కువ ఎత్తులోనే కావాలి.

ఈ కొలత దాటి చేయి ఎత్తుగా ఉంటే భుజాలు పైకి లేస్తాయి. అలా అరగంట కూర్చుంటే మెడ పక్కన కండరం బిగుసుకుంటుంది. చాలామంది దీన్ని దిండు తేడా అనో గాలి పట్టిందనో అనుకుంటారు. చేయి మరీ కిందికి ఉంటే మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు, నడుం వంకర పోతుంది. రెండింటిలో ఎత్తు ఎక్కువ కావడమే ఎక్కువ హాని. తక్కువైతే దాని మీద ఒక టవల్ మడతపెట్టి వేసుకోవచ్చు. ఎక్కువైన దాన్ని రంపంతో కోయాల్సిందే.

సోఫాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. షాపులో టేపు పెట్టి కొలిచిన ఎత్తుకూ మనిషి కూర్చున్నాక ఉండే ఎత్తుకూ తేడా వస్తుంది. మెత్తటి ఫోమ్ మనిషి బరువుకు ఐదారు సెంటీమీటర్లు దిగిపోతుంది. రెండు మూడేళ్లు వాడాక ఇంకా దిగుతుంది. సీటు దిగినకొద్దీ చేతులు ఆ మేరకు పైకి లేచినట్టే. కొత్తలో సరిగ్గా ఉన్న సోఫా తర్వాత భుజాలను ఎత్తి పట్టడం ఇందుకే. అందువల్ల కొలత ఎప్పుడూ మనిషి కూర్చున్నాకే తీయాలి. షాపతనికి విసుగొచ్చినా సరే, పది నిమిషాలు కూర్చునే చూడాలి.

వెడల్పు విషయంలో రెండు చేతుల మధ్య ఖాళీ కనీసం 46 సెంటీమీటర్లు ఉండాలి. లావుగా ఉన్నవాళ్లకు 50 దాకా కావాలి. అంతకు మించితే మోచేతులు పక్కలకు రెక్కల్లా విచ్చుకుంటాయి. ఆనించుకోవడానికి అందకపోతే ఉండీ లేనట్టే. ఇద్దరు కూర్చునే సోఫాలో ఒక్కొక్కరికి ఒకే చేయి అందుతుంది. ముగ్గురి సోఫాలో మధ్యలో కూర్చున్న మనిషికి ఒక్కటీ అందదు. చుట్టాలొచ్చినప్పుడు గౌరవంగా పెద్దాయనను మధ్యలో కూర్చోబెట్టడం మన దగ్గర అలవాటు. లేచేటప్పుడు ఆయన పట్టుకోవడానికి పక్కవాళ్ల మోకాలు తప్ప ఏమీ ఉండదు. గౌరవం ఇవ్వాలంటే అంచున కూర్చోబెట్టాలి.

చేతి పైభాగం కనీసం ఐదారు సెంటీమీటర్ల వెడల్పుండి, అంచులు గుండ్రంగా నున్నగా ఉండాలి. మోచేతి లోపలి పక్క ఎముక దగ్గర ఒక నరం చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. పదునైన చెక్క అంచో ఇనుప చట్రమో దాన్ని నొక్కుతుంటే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. రోజంతా కౌంటర్ దగ్గర కూర్చునే వ్యాపారులకు ఆ రెండు వేళ్లే తిమ్మిరెక్కుతుంటే డాక్టర్ దగ్గరకు వెళ్లడంతో పాటు కుర్చీ అంచునూ ఓసారి చూసుకోవాలి.

లేవడమే అసలు పరీక్ష

కూర్చోవడం కంటే లేవడం కష్టం. అందులో ఏ క్షణం కష్టమో తెలిస్తే కుర్చీ చేయి ఎక్కడ, ఎలా ఉండాలో దానంతట అదే తేలుతుంది. లేవబోయే మనిషి ముందు పాదాలను మోకాళ్ల కంటే వెనక్కి లాక్కుంటాడు. తర్వాత నడుం నుంచి ముందుకు వంగుతాడు. అలా వంగినప్పుడే శరీర భారం సీటు మీద నుంచి పాదాల మీదికి మారుతుంది. పిరుదులు సీటును వదిలే క్షణంలో మోకాళ్ల మీద, తుంటి మీద భారం గరిష్ఠంగా ఉంటుంది. అది దాటితే మిగతాది సులువు. కుర్చీ చేతుల మీద అరచేతులు మోపి నొక్కితే ఆ క్షణంలో మోకాళ్ల మీద పడే భారం దాదాపు సగానికి తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

వయసు మళ్లినవాళ్లు పడిపోయే ప్రమాదం ఉందా లేదా అని చూడటానికి డాక్టర్లు చేయించే ఒక పరీక్ష ఉంది. 1991లో వాడుకలోకి వచ్చింది. చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్త అవసరం అంటారు. కాళ్ల బలం మాత్రమే తెలుసుకోవాలనుకుంటే ఇంకో పరీక్ష చేస్తారు. దానిలో చేతుల్లేని కుర్చీ వేసి, రెండు చేతులనూ గుండెల మీద కట్టుకోమంటారు. చేతులు వాడితే కాళ్ల బలం లెక్క తప్పుతుంది కాబట్టి. కుర్చీ చేయి ఎంత సాయం చేస్తుందో వైద్యులే ఇలా ఒప్పుకున్నట్టు.

ఇక ఈ ప్రాంతం సంగతి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు పల్లెల్లో తరాల పాటు బోరు నీళ్లలో, బావి నీళ్లలో ఫ్లోరైడ్ తాగారు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. ఇక్కడి నీళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పెట్టింది ఇందువల్లే. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక ముప్పు తగ్గింది. కానీ అప్పటికే ఎముకల్లో చేరింది బయటికి పోదు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బు, ఫ్లోరోసిస్, ముదిరితే వెన్నెముక చుట్టూ ఉన్న బంధనాలు ఎముకలా గట్టిపడతాయి. నడుం వంగదు. మెడ తిరగదు. మోకాళ్లు, తుంటి, మోచేతులు పూర్తిగా చాచడానికి రావు.

ఇప్పుడు లేవడం గురించి చెప్పిన దాన్ని దీనితో కలిపి చూడండి. లేవాలంటే ముందుకు వంగాలి. నడుమే వంగకపోతే శరీర భారం పాదాల మీదికి రాదు. అప్పుడు ఆ మనిషిని ముందుకు నెట్టగలిగేది చేతులే. మోచేయి పూర్తిగా చాచడానికి రాని మనిషి మామూలు ఎత్తున్న చేతి మీద నొక్కితే సగం లేచేసరికే అరచేయి పట్టు వదిలేస్తుంది. అలాంటివాళ్లకు చేయి మామూలు కంటే కొంచెం ఎత్తులో, సీటు కూడా ఎత్తులో ఉండాలి. సరైన కుర్చీ ఉంటే ఇంకొకరి సాయం లేకుండా లేచి బయటికి వెళ్లగలిగే మనిషి, అది లేక ఎవరో ఒకరు వచ్చి చేయి ఇచ్చేదాకా కూర్చుండిపోతున్నాడు. ఇది చిన్న విషయం కాదు. ఒకరోజు ఓదార్పు మాటతో తీరేదీ కాదు. రోజూ నాలుగైదుసార్లు బాత్రూముకు లేవాల్సిన అవసరం.

ఫ్లోరోసిస్ లేని ఊళ్లలోనూ మోకాళ్లు బాగున్నాయని కాదు. పాలమూరు నుంచి మట్టి పనికి, కాలువ పనికి, భవనాల పనికి వలస పోయి బరువులు మోసిన తరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. వరి నాట్లు, కలుపుతీతల్లో వంగీ, గొంతుక్కూర్చునీ దశాబ్దాలు గడిపిన ఆడవాళ్లున్నారు. బరువులు మోయడం, గొంతుక్కూర్చోవడం మోకీలు అరుగుదలకు తెలిసిన కారణాలే. నేల మీదనో పీట మీదనో కూర్చుని లేవగలిగినన్నాళ్లు వీళ్లకు కుర్చీతో పనే పడలేదు. పడే నాటికి ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ.

లేవడానికి పనికొచ్చే చేతిలో చూడాల్సింది ముందు కొన. మనిషి నొక్కేది అక్కడే. అది సీటు ముందు అంచు దాకా రావాలి. వెనకే ఆగిపోతే చేతులు తుంటి పక్కన ఉండిపోయి, ముందుకు నెట్టే బలం రాదు. ముందు కాళ్లను దాటి బయటికి పొడుచుకు రాకూడదు. అలా వస్తే కొన మీద నొక్కినప్పుడు కుర్చీ ముందుకు తిరగబడుతుంది. కొన పిడికిట్లో ఇమిడేంత లావు, అంటే మూడు నాలుగు సెంటీమీటర్లు ఉండి గుండ్రంగా ఉంటే పట్టు దొరుకుతుంది. పైన గట్టిగా ఉండాలి. మెత్తటి ఫోమ్ చేతి మీద నొక్కితే బలం ఫోమ్ లోపలికే పోతుంది. మొనదేలిన చెక్కడాలు చీర కొంగుకు తగులుకుంటాయి, అవి వద్దు.

ఈ లెక్కన చూస్తే ఊరూరా కనిపించే ప్లాస్టిక్ కుర్చీకి మార్కులు ఎంత? ఒకే అచ్చులో మొత్తం కుర్చీ పోసే ఈ రకానికి మూలరూపం 1972లో ఫ్రాన్స్‌లో ఆంరీ మాసొనె చేసిన డిజైన్ అంటారు. తయారీ చవక, బరువు తక్కువ, ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. టెంట్ హౌస్ నుంచి చావు ఇంటి దాకా అదే కుర్చీ. పేదల ఇంట్లోకి కూడా చేతుల కుర్చీ తెచ్చిన ఘనత దానిదే, అది కాదనలేం. దాని చేతులు పైకి ఆసరా కోసమే కనిపిస్తాయి గానీ కుర్చీని నిలబెట్టేవి కూడా అవే. వీపు భాగాన్నీ ముందు కాళ్లనూ కలిపి పట్టేది ఆ చేతి వంపే. ఎత్తు కూడా చాలావరకు సరిగ్గానే ఉంటుంది. లోపం ముందు కొనలో ఉంది. సరిగ్గా పట్టు కావలసిన చోట చేయి కిందికి వంగి కాలిలో కలిసిపోతుంది. అరచేయి జారుతుంది. పైగా ఒక్క చేత్తో నొక్కితే ఆ పక్క కాలు విచ్చుకుంటుంది. నున్నటి టైల్స్ మీద, తడి ఉంటే మరీ ప్రమాదం. ఎండలో రెండు మూడు వేసవులు పడి ఉన్న ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. రంగు వెలిసి, పైన సన్నటి గీతలు కనిపిస్తున్న కుర్చీని పెద్దవాళ్ల కింద వేయకూడదు.

చాలా ఇళ్లలో, క్లినిక్‌లలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి వేస్తారు. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. సీటు కొన్ని సెంటీమీటర్లు పైకి లేస్తుంది, మోకాళ్లకు అంత మేలు. మందం రెట్టింపై కాళ్లు విచ్చుకోవడం తగ్గుతుంది. డిజైనర్లు పట్టించుకోని సమస్యకు జనం కనుక్కున్న జవాబు అది. గోడకు ఆనించి వేస్తే ఇంకా మంచిది, వెనక్కి జరగదు.

టేబుల్‌తో పేచీ

లేవడానికి చేయి ముందుకు రావాలి. టేబుల్ దగ్గర పనికి అదే చేయి వెనక్కి ఉండాలి. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసే యువతకు ఈ పేచీ తెలుస్తుంది. మామూలు టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. పైపలక మందం, కింద సొరుగు కలిపి 12, 13 పోతే కింద మిగిలేది 62. కుర్చీ సీటు 45, దాని మీద చేయి 22 అంటే 67. టేబుల్ కిందికి చేయి దూరదు. కుర్చీ దూరంగా ఆగిపోతుంది, మనిషి ముందుకు సాగి వంగి టైప్ చేస్తాడు. వీపు వెనక ఆసరా పోయింది, చేతుల కింద ఆసరా పోయింది. డబ్బు పెట్టి కొన్న రెండూ వృథా. సొరుగు లేని టేబుల్ అయితే ఈ చిక్కు ఉండదు. లేదా సీటు ముందు అంచుకు జానెడు వెనకే ఆగే పొట్టి చేతుల కుర్చీ తీసుకోవాలి. ఎత్తు మార్చుకునే చేతులున్న కుర్చీకి అదనపు ఖర్చు పెట్టడం సబబే. అన్ని దిక్కులా తిరిగే చేతులకు ఇంకా ఎక్కువ పెట్టాల్సిన అవసరం చాలామందికి లేదు. డైనింగ్ టేబుల్‌కూ ఇదే లెక్క, అందుకే వాటి కుర్చీలకు సాధారణంగా చేతులు ఉండవు. పెద్దవాళ్లు కూర్చునే చోట మాత్రం ఒక చేతుల కుర్చీ వేసి, అది టేబుల్ కొసన ఉండేలా చూసుకోవాలి.

కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో పలక బిగించిన కుర్చీలు ఉంటాయి. ఆ పలక ఎప్పుడూ కుడి పక్కనే. పది మందిలో దాదాపు ఒకరు ఎడమ చేతివాళ్లు. పుర్రచేతి పిల్లలు మూడు గంటల పరీక్షలో ఒళ్లంతా మెలితిప్పి రాస్తారు. గదికి నాలుగైదు ఎడమ పలక కుర్చీలు చేయించడం ఏ యాజమాన్యానికైనా భారం కాదు.

పాత ఇళ్లలో మిగిలిన పడక కుర్చీ ఇంకో రకం. కాన్వాస్ గుడ్డ, బారెడు చెక్క చేతులు. ఆ చేతులు అంత పొడవుగా ఉండటం కాళ్లు చాపి వాటి మీద పెట్టుకోవడానికి. మధ్యాహ్నం కునుకుకు అంతకు మించింది లేదు. లేవడానికి మాత్రం అంతకంటే కష్టమైన కుర్చీ ఇంకోటి ఉండదు. సీటు లోతు, తుంటి కంటే మోకాళ్లు ఎత్తు, చేతులు ముందుకు పోయి పట్టుకు అందవు. తాత గుర్తుగా దాచుకోవచ్చు, ఇప్పటి పెద్దవాళ్లను అందులో కూర్చోబెట్టడం మేలు కాదు.

ఎవరికి చేతులు, ఎవరికి స్టూలు

చేతుల కుర్చీ చరిత్రంతా అధికార చరిత్రే. ఫ్రాన్స్‌లో పద్నాలుగో లూయీ కొలువులో ఎవరు చేతుల కుర్చీలో కూర్చోవాలి, ఎవరు స్టూలు మీద కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అన్నది నియమాల ప్రకారం సాగేది. తెలంగాణ పల్లెలకు ఇది కొత్త కాదు. గడీలో దొర ఒక్కడికే కుర్చీ, మిగతా ఊరంతా నేల మీద. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి నల్లగొండ గుండెకాయ అయిందంటే ఆ నేల మీద కూర్చున్నవాళ్ల కోపమే కారణం. ఆ అలవాటు ఆనవాళ్లు ఆఫీసు గదుల్లో ఇంకా ఉన్నాయి. బల్లకు అవతల చేతులున్న పెద్ద కుర్చీ, వీపు మీద తెల్ల టవల్. ఇవతల, పింఛను కోసమో పాసుబుక్కు కోసమో వచ్చిన ముసలమ్మకు చేతుల్లేని స్టూలు. లేవడానికి ఆసరా కావలసింది ఆమెకు. ఇది మర్యాద ప్రశ్న కూడా, ముందుగా మోకాళ్ల ప్రశ్న. వచ్చినవాళ్లకు వేసే కుర్చీల్లో కనీసం ఒకటి రెండైనా గట్టి చేతులున్నవి ఉండాలి.

బస్టాండ్లలో, ఆసుపత్రుల్లో వేసే స్టీలు కుర్చీల వరుసకు సీటు సీటుకూ మధ్య చేయి ఉంటుంది. పెద్దవాళ్లు లేవడానికి అది మేలు. రాత్రంతా రోగి కోసం కాచుకుని కూర్చున్న మనిషి కాసేపు నడుం వాల్చడానికి మాత్రం అదే అడ్డం. జనం పడుకోకూడదనే అలా బిగిస్తారన్న మాటలో నిజం ఉంది. రెండు అవసరాలూ తీరే దారి ఉంది. వరుసలో సగం సీట్లకు రెండు పక్కలా చేతులు పెట్టి, మిగతా సగం ఖాళీగా వదిలేస్తే సరిపోతుంది. ఇంకో మాట, ఎండ తగిలే చోట స్టీలు చేతులు వేయడం తెలివితక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని చెక్క కంటే దాదాపు నూరు రెట్లు బాగా చేరవేస్తుంది. 42, 43 డిగ్రీలు కొట్టే పాలమూరు ఎండాకాలంలో దాని మీద చేయి పెట్టలేరు. పట్టుకుని లేవాల్సిన చేయే ముట్టుకోనివ్వకపోతే ఇక ఎందుకు?

ఉన్నదాన్ని బాగు చేసుకోవడం

కొత్తది చేయించుకోగలిగినవాళ్లకు స్థానిక వడ్రంగి పనివారే మంచి దారి. రెడీమేడ్ సోఫాల చేతులు చాలావరకు పల్చటి ప్లైవుడ్ డబ్బా మీద ఫోమ్ చుట్టినవి, నాలుగు స్క్రూలతో నిలిచేవి. నెట్టిన ప్రతిసారీ ఆ స్క్రూలు కొంచెం వదులవుతాయి. చెక్క కుర్చీలో ముందు కాలే సీటును దాటి పైకి వచ్చి చేతిని మోయాలి. కాలుకూ చేతికీ మధ్య చెక్కలో చెక్క దిగిన అతుకు ఉండాలి, జిగురు, మేకుల మీద ఆధారపడకూడదు. టేకు అయితేనే అని లేదు, బాగా ఆరిన వేప, తుమ్మ కూడా ఈ బరువు మోస్తాయి. పిల్లలూ చుట్టాలూ చేతి మీద ఎక్కి కూర్చుంటారు, వద్దన్నా ఆగరు. ఒక మనిషి పూర్తి బరువు మోసేలా చేయించుకోవడమే నయం. ఎవరి కోసమో వాళ్లను కూర్చోబెట్టి సీటు నుంచి మోచేతి దాకా, నేల నుంచి మోకాలి వెనక దాకా కొలిపించాలి. పెద్దవాళ్లకు సీటు మోకాలి మడత కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుగా ఉన్నా పరవాలేదు, పాదాలు నేలకు ఆనితే చాలు.

కొత్తది కొనలేనివాళ్లు ఉన్న సోఫాతోనే చాలా చేసుకోవచ్చు. దిగిపోయిన ఫోమ్ కింద అర అంగుళం ప్లైవుడ్ ముక్క వేస్తే సీటు గట్టిపడి పైకి వస్తుంది, చేతులు వాటంతట అవే సరైన ఎత్తుకు దిగుతాయి. సోఫా కాళ్ల కింద చెక్క దిమ్మెలు వేసేటప్పుడు దిమ్మెకు గుంత తీయించి కాలు అందులో కూర్చునేలా చూడాలి, లేకపోతే నెట్టినప్పుడు జారుతుంది. మందపాటి ఫోమ్ చేతికి ముందు భాగంలో చట్రం చెక్క తగిలేదాకా బోల్టు దించి, తలుపులకు వేసే గట్టి చెక్క పిడి బిగిస్తే పెద్దవాళ్లకు పట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్ కుర్చీ తప్ప వేరే లేకపోతే కాళ్లకు రబ్బరు తొడుగులు వేసి, గోడ మూలలో వేసి, రెండు చేతులతో ఒకేసారి నొక్కి లేవడం అలవాటు చేయాలి. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని లేవడం వల్లే కుర్చీ తిరగబడుతుంది. కర్రను గోడకు ఆనించి, లేచి నిలబడ్డాక అందుకోవాలి.